పూటకూళ్లింటి చోట బొమ్మల మేడ

సముద్రం వెనక్కి తగ్గుతోంది. నీటిమీద ముందుగా ఒక తల తేలింది. కాసేపటికి భుజాలు. ఇంకాసేపటికి ఛాతీ, నడుము. ఒంటిమీద నూలుపోగు లేదు. అలలు మొహాన కొడుతున్నా కదలడు. కొత్తగా వచ్చినవాళ్లు ఎవరో మునిగిపోతున్నారని ఒక్క క్షణం కంగారుపడతారు. ఊరివాళ్లు తల కూడా తిప్పరు. మళ్లీ పోటు వస్తుందనీ, ఆ మనిషి మళ్లీ మునుగుతాడనీ వాళ్లకు తెలుసు. రోజుకు రెండుసార్లు జరిగే తంతే ఇది.

అది పోత ఇనుప విగ్రహం. చేసింది ఆంటనీ గోర్మ్‌లీ, పేరు 'అనదర్ టైమ్'. ఇంగ్లండ్‌కు ఆగ్నేయ మూలన, కెంట్ కౌంటీలోని మార్గేట్ ఒడ్డున సుద్దరాతి నేలమీద 2017లో నిలబెట్టారు. కాళ్లు తడవకుండా దాన్ని చూడాలంటే పక్కనే ఒక తెల్లటి మేడ ఉంది. గాజు గోడలు, ఏటవాలు కప్పులు. అదే 'టర్నర్ కాంటెంపరరీ' ఆర్ట్ గ్యాలరీ. లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు.

బ్రిటన్‌లో ఉండే మన పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు వాళ్ల పర్సులో ఇరవై పౌండ్ల నోటు ఉందేమో అడగండి. 2020 ఫిబ్రవరిలో వచ్చిన ప్లాస్టిక్ నోటు అది. దానిమీద ఉన్నది చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యు. టర్నర్ ముఖం. పారదర్శకంగా వదిలిన చోట నీలం, బంగారు రంగు రేకులో మార్గేట్ లైట్‌హౌస్, ఆ గ్యాలరీ కనిపిస్తాయి. 2011లో తలుపులు తెరిచిన ఒక బొమ్మల మేడకు తొమ్మిదేళ్లకే కరెన్సీ నోటుమీద చోటు దొరికిందన్నమాట.

2025లో టర్నర్ 250వ జయంతి. బ్రిటన్‌లో చాలాచోట్ల ఆయన బొమ్మల ప్రదర్శనలు జరిగాయి. ఆ పేరు వినిపించినప్పుడల్లా మార్గేట్ కథ కూడా మాటల్లోకి వస్తుంది. చితికిపోయిన ఒక బీచ్ ఊరిని ఆర్ట్ గ్యాలరీ నిలబెట్టగలదా? నిలబెట్టాక ఆ ఊరు ఎవరిది?

పూటకూళ్లమ్మ, 'అడ్మిరల్' బూత్

లండన్‌లో క్షవరాలు చేస్తూ, విగ్గులు అమ్ముకునే ఒకాయన కొడుకు టర్నర్. 1786లో, పదకొండేళ్ల వయసులో చదువుకోసం మార్గేట్ పంపించారు. ఇరవై ఒకటో ఏట మళ్లీ వచ్చాడు. పేరూ డబ్బూ వచ్చాక, 1820ల నుంచి ఇక మార్గేట్ ఆయనకు అలవాటైపోయింది. లండన్‌లో పడవ ఎక్కడం, థేమ్స్ దాటి సముద్రంలోకి రావడం, మార్గేట్ రేవులో దిగడం.

దిగి వెళ్లేది రేవు పక్కనే ఉన్న సోఫియా బూత్ ఇంటికి. ఆవిడ సముద్రానికి ఎదురుగా అద్దెగదులు నడిపేది. కన్యాశుల్కం చదివినవాళ్లకు పూటకూళ్లమ్మ అనగానే గిరీశం గుర్తొస్తాడు. టర్నర్ గిరీశం కాదు, ఆస్తిపరుడు. కాకపోతే గుట్టు విషయంలో మాత్రం గిరీశాన్ని మించినవాడు. 1833లో ఆవిడ భర్త పోయాక ఆవిడా టర్నరూ ఒకటయ్యారు. పెళ్లి చేసుకోలేదు. తర్వాత లండన్‌లో చెల్సియా దగ్గర నది ఒడ్డున కాపురం పెట్టారు. ఇరుగుపొరుగుకు ఆయన టర్నర్ అని తెలియదు. రిటైరైన నావికాదళ అధికారి అనుకుని 'అడ్మిరల్ బూత్' అని పిలిచేవారు. పెద్దమనిషి ఆ పేరునే భరించాడు, బహుశా ఆనందించాడు కూడా. 1851 డిసెంబర్ 19న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. దేశం ఆయన్ను సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో సమాధి చేసింది.

మార్గేట్ ఉన్న థానెట్ ప్రాంతపు ఆకాశం యూరప్ మొత్తంలోకీ అందమైనదని కళా విమర్శకుడు జాన్ రస్కిన్‌తో టర్నర్ అన్నట్టు చెబుతారు. అందులో ముఖస్తుతి లేదు. తూర్పు తీరంలో ఉండే మనకు సూర్యుడు సముద్రంలోంచి పుట్టడమే తెలుసు, సముద్రంలో అస్తమించడం చూడాలంటే గోవాకో కేరళకో పోవాలి. మార్గేట్ ఇంగ్లండ్‌కు తూర్పు కొసన ఉన్నా, దాని ఒడ్డు వాయవ్యానికి తిరిగి ఉంటుంది. అందుకే పొద్దు నీళ్లలోకే దిగుతుంది. వెలుతురే వస్తువుగా గీసినవాడికి ఇంతకంటే ఏం కావాలి?

బూత్ ఇల్లు కూలిపోయి చాలాకాలమైంది. గ్యాలరీ కట్టింది సరిగ్గా ఆ స్థలంలోనే.

> చూడని కొండలు, చూడని మంటలు
> టర్నర్ ఎప్పుడూ ఇండియా రాలేదు. అయినా హిమాలయాలు గీశాడు. జార్జ్ ఫ్రాన్సిస్ వైట్ అనే సైనికాధికారి ఇక్కడ వేసుకున్న స్కెచ్‌లు చూసి, ఆయన పుస్తకానికి నీటిరంగుల బొమ్మలు వేసి ఇచ్చాడు. 1830ల మాట ఇది. అంతకు ముందు వెస్టిండీస్‌లోని సెయింట్ విన్సెంట్ దీవిలో అగ్నిపర్వతం పేలితే, చూసినవాడి స్కెచ్ ఆధారంగా 1815లో పెద్ద తైలవర్ణ చిత్రం గీశాడు. ఆ దీవికీ వెళ్లలేదు. 2011లో మార్గేట్ గ్యాలరీ తొలి ప్రదర్శనకు కేంద్రం ఈ అగ్నిపర్వతం బొమ్మే.

ఊరు చల్లబడింది

సముద్రస్నానం ఆరోగ్యానికి మంచిదని ఇంగ్లండ్ డాక్టర్లు చెప్పడం మొదలుపెట్టిన 18వ శతాబ్దంలోనే మార్గేట్ వెలిగింది. చక్రాలున్న చెక్కగదిలో కూర్చుంటే గుర్రం దాన్ని నీళ్లలోకి లాగేది. ఆడవాళ్లు ఎవరి కంటా పడకుండా స్నానం చేసేందుకు ఆ బండికి గుడ్డ గొడుగు బిగించే ఏర్పాటు ఈ ఊరి బెంజమిన్ బీల్ పేరుమీద ఉంది. క్షయరోగుల కోసం సముద్రస్నానాల ఆస్పత్రి 1790లలోనే వచ్చింది. 1846లో రైలొచ్చింది. దొరల ఊరు కూలీల ఊరైంది. ఇక్కడ కూలీలంటే లండన్ ఫ్యాక్టరీ కార్మికులు, ఏడాదికో వారం పిల్లాపాపలతో వచ్చి ఒడ్డున కూర్చునేవాళ్లు. వాళ్లకోసమే డ్రీమ్‌ల్యాండ్ అనే వినోదాల పార్కు, అందులో 1920 నాటి చెక్క రోలర్‌కోస్టర్.

ఆ కార్మికులే 1960ల తర్వాత మొహం చాటేశారు. చవక విమానం ఎక్కితే స్పెయిన్‌లో ఎండ గ్యారంటీ. మార్గేట్‌లో జులైలో కూడా చలిగాలి కొట్టొచ్చు. లాడ్జిలు ఖాళీ అయ్యాయి. గదులను ముక్కలుచేసి చవక అద్దెలకు ఇచ్చారు. 1978 జనవరి తుఫానులో ఇనుప జెట్టీ కొట్టుకుపోయింది. 2008లో ఎవరో నిప్పుపెడితే డ్రీమ్‌ల్యాండ్‌లోని ఆ చెక్క రోలర్‌కోస్టర్ కొంత కాలిపోయింది. ఒక దశలో హైస్ట్రీట్‌లో మూడోవంతుకు పైగా షాపులకు షట్టర్లు దించేసి ఉండేవి. దేశంలో ఇంత దారుణంగా మూతపడ్డ బజారు మరొకటి లేదని పేపర్లు రాశాయి.

అలాంటి ఊళ్లో, దుకాణం పెట్టుకుందామంటే మనిషి దొరకని చోట, కోటీ డెబ్బై ఐదు లక్షల పౌండ్లతో ఆర్ట్ గ్యాలరీ కడతామన్నారు. పనుల్లేక ఉన్నవాడికి ఒళ్లు మండదా మరి? మండింది.

తుఫానుకు నిలవని డిజైను

మండడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇది రెండో ప్రయత్నం. 2001లో పోటీ పెట్టి నార్వే సంస్థ స్నోహెట్టా, స్టీఫెన్ స్పెన్స్ కలిసి ఇచ్చిన డిజైన్ ఎంచుకున్నారు. స్నోహెట్టా చిన్న పేరు కాదు, ఈజిప్టులో అలెగ్జాండ్రియా లైబ్రరీ కట్టినవాళ్లు. రేవుగోడ పక్కన, నేరుగా సముద్రంలోంచి లేచే భవనం అది. కాగితంమీద అద్భుతం. అలల దెబ్బకు తట్టుకునేలా కట్టాలంటే ఖర్చు అంచనా పెరుగుతూ పోయింది. 2006లో కెంట్ కౌంటీ కౌన్సిల్ ఆ ప్లాన్‌ను మడిచి పక్కన పెట్టేసింది. ఊళ్లో ఒక్క ఇటుక లేవకుండానే ఐదేళ్లు గడిచాయి.

తర్వాత పిలిచింది డేవిడ్ చిప్పర్‌ఫీల్డ్‌ను. 2023లో ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్న ఆర్కిటెక్ట్ ఇతనే. ఇతను సముద్రంతో కుస్తీకి దిగలేదు. నేలమీదే, నీళ్లు ఎక్కని ఎత్తు తిన్నె వేసి, ఒకే ఆకారంలో ఉన్న ఆరు పెట్టెలను పక్కపక్కన అతికించినట్టు కట్టాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా గోడలకు మసకగాజు తొడుగు వేశాడు. ఒకవైపే వాలిన కప్పులోంచి ఉత్తరపు వెలుగు గదుల్లోకి దిగుతుంది. చిత్రకారులు స్టూడియోకు ఉత్తరం కిటికీ కావాలంటారు. నేరుగా ఎండ పడదు, నీడలు జరగవు, ఉదయం కలిపిన రంగు సాయంత్రానికీ అదే రంగులా కనిపిస్తుంది. మబ్బు కమ్మితే ఈ గదిలో బొమ్మ కూడా కొంచెం చల్లబడినట్టుంటుంది. బయట వాతావరణాన్ని లోపలికి రానిచ్చే గ్యాలరీలు తక్కువ.

బయటినుంచి చూస్తే మాత్రం గోదాములా ఉంటుందన్నవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో అబద్ధం లేదు. ఫొటోలో చూసి మెచ్చుకోవడం కష్టమే. ముందుహాల్లోకి అడుగుపెట్టి, ఎదురుగా రెండు అంతస్తుల కిటికీలోంచి సముద్రం కనపడ్డాక అభిప్రాయం మారుతుంది. 2011 ఏప్రిల్ 16న తలుపులు తెరిచినప్పుడు ఫ్రెంచి కళాకారుడు డేనియల్ బ్యురెన్ ఆ కిటికీకే చారలు వేసి, మధ్యలో గుండ్రంగా ఖాళీ వదిలి, పక్కల అద్దాలు పెట్టాడు. గోడకు బొమ్మ తగిలించలేదు, సముద్రాన్నే ఫ్రేములో పెట్టాడు.

మొదటి ఏడాదిలో దాదాపు 5 లక్షలమంది వచ్చారు. 60 వేల జనాభా ఉన్న ఊరికి. లండన్ సెయింట్ పాంక్రాస్ నుంచి గంటన్నరలో దింపే హైస్పీడ్ రైలు 2009 చివర్లో మొదలవడం కలిసొచ్చింది. ఈ సంగతి గ్యాలరీ విజయగాథల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. నన్నడిగితే పెద్ద అక్షరాల్లో ఉండాలి.

పరుపు ఊరికి తిరిగొచ్చింది

మార్గేట్‌కు టర్నర్ తర్వాత వినిపించే పేరు ట్రేసీ ఎమిన్. తండ్రి టర్కిష్ సైప్రియట్, కుటుంబం ఇక్కడ హోటల్ నడిపేది, అది దెబ్బతింది. పదమూడేళ్లకే బడి మానేసింది. ఈ ఊరి వీధుల్లో తనకు జరిగిన అవమానాలను, హింసను దాచకుండా తర్వాత తన పనిలో పెట్టింది. నలిగిన దుప్పట్లు, ఖాళీ సీసాలు, సిగరెట్ పీకలతో సహా తన మంచాన్నే 'మై బెడ్' అని ప్రదర్శనకు పెడితే 1999లో బ్రిటన్ అంతా నోరు వెళ్లబెట్టింది. ఇదీ ఒక కళేనా అని తిట్టినవాళ్లకు లెక్కలేదు. 2014 వేలంలో ఆ మంచం పాతిక లక్షల పౌండ్లు పలికింది.

2017 అక్టోబర్‌లో ఆ మంచం మార్గేట్ వచ్చింది. టర్నర్ గీసిన కల్లోల సముద్రాల పక్కనే వేశారు. నలిగిన దుప్పటి మడతలు, అలల మడతలు ఒకే గదిలో. టర్నర్ బొమ్మలను ఎంచింది ఎమినే. ఊరు ఒకప్పుడు వేలెత్తి చూపిన పిల్ల, ఊరి గ్యాలరీలో ఇరవై పౌండ్ల నోటు పెద్దమనిషి పక్కన నిలబడింది.

ఆవిడ అక్కడితో ఆగలేదు. క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత మార్గేట్‌లోనే స్థిరపడింది. పాత స్నానశాల, శవాగారం ఉన్న భవనాలు కొని బాగుచేయించి 2023లో యువ కళాకారులకు స్టూడియోలు తెరిచింది. కొందరికి నివాసంతో సహా శిక్షణ ఉచితం, మిగతావాళ్లకు తక్కువ అద్దె. ఒక గ్యాలరీ వల్ల ఊరికి కలిగిన లాభాల్లో నాకు అన్నిటికంటే గట్టిగా కనిపించేది ఇదే. కట్టడం కౌన్సిల్‌ది కావచ్చు, ఊరి బిడ్డ తిరిగొచ్చి వేరూనింది.

ఇంకో ముచ్చట. కవి టి.ఎస్. ఎలియట్ 1921 శరదృతువులో మానసికంగా కుంగిపోయి మార్గేట్ వచ్చి కొన్ని వారాలున్నాడు. బీచ్ ఎదురుగా బస్‌షెల్టర్‌లాంటి ఒక విశ్రాంతి మంటపంలో కూర్చుని 'ది వేస్ట్ ల్యాండ్'లో కొంత రాశాడు. 2018లో గ్యాలరీ ఆ కావ్యంమీద పెద్ద ప్రదర్శన పెట్టినప్పుడు క్యూరేటర్లు ఒక్కళ్లే కూర్చుని బొమ్మలు ఎంచలేదు. ఊళ్లోవాళ్లతో ఒక బృందం వేశారు. కావ్యం చదవడం, వాదించుకోవడం, ఏ బొమ్మ తెప్పించాలో తేల్చడం అన్నీ వాళ్లే చేశారు. అది మూడేళ్ల పని. కళ మనకు అర్థంకాదులే అని గడప బయటే నిలబడేవాళ్లను లోపలికి తీసుకురావడం ఎలాగో తెలియాలంటే, ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

నలుగురికీ కలిపి ఒక్కటే

2019లో, సమకాలీన కళాకారులకు ఇచ్చే ప్రతిష్ఠాత్మక టర్నర్ ప్రైజ్ ప్రదర్శన మార్గేట్‌కు వచ్చింది. తుది జాబితాలో లారెన్స్ అబూ హమ్దాన్, హెలెన్ క్యామక్, ఆస్కార్ మురిల్లో, తాయ్ షనీ. ఒకరి పని జైలు గోడల వెనక శబ్దాలు, ఒకరిది ఉత్తర ఐర్లండ్ పౌరహక్కుల ఉద్యమంలో ఆడవాళ్ల పాత్ర. మా విషయాల్లో ఏది గొప్పో తేల్చి పోటీ పెట్టొద్దు, మమ్మల్ని ఒక్కటిగా చూడండి అని నలుగురూ కలిసి న్యాయనిర్ణేతలకు ఉత్తరం రాశారు. ఆ బహుమతి చరిత్రలో మొదటిసారి, నలుగురికీ ఉమ్మడిగా ఇచ్చారు. 40 వేల పౌండ్లు నాలుగు భాగాలు. ప్రకటన జరిగింది ఎక్కడనుకున్నారు? 2015లో మళ్లీ తెరుచుకున్న డ్రీమ్‌ల్యాండ్‌లో.

> హేస్టింగ్స్ జాలర్ల గొడవ
> మార్గేట్‌కు నైరుతిగా అదే తీరంలో హేస్టింగ్స్ ఉంది. అక్కడ జాలర్లు ఇప్పటికీ పడవలను గులకరాళ్ల ఒడ్డునుంచే నీళ్లలోకి తోస్తారు. యూరప్‌లో ఇలా ఒడ్డునుంచి దిగే పడవల్లో వీళ్లవే ఎక్కువంటారు. వలలు ఆరేసే నల్లటి పొడవాటి చెక్క షెడ్లు వాళ్ల గుర్తు. ఆ షెడ్ల పక్కనే, టూరిస్టు బస్సులు నిలిపే చోట జెర్‌వుడ్ గ్యాలరీ కడతామనగానే జాలర్లు ఎదురుతిరిగారు. 'నో జెర్‌వుడ్' అని షెడ్లకు బోర్డులు కొట్టారు. 2012లో గ్యాలరీ తెరిచారు. షెడ్ల రంగుకు తగ్గట్టు నల్లటి పెంకులు తొడిగారు. 2019లో జెర్‌వుడ్ సంస్థ తన బొమ్మల సేకరణతో సహా తప్పుకుంది. గ్యాలరీ పేరు మారి 'హేస్టింగ్స్ కాంటెంపరరీ' అయింది. జాలర్లు మాత్రం ఉన్నచోటే ఉన్నారు.

డి.ఎఫ్.ఎల్.లు వచ్చారు

గ్యాలరీ వెనక పాత ఊరుంది. సన్న సందులు, వంకర మేడలు. మూతపడ్డ షట్టర్లు ఒక్కొక్కటే లేచాయి. పాత గౌన్లు అమ్మే కొట్లు, పాత కుర్చీల కొట్లు, కాఫీ దుకాణాలు, చిన్నచిన్న గ్యాలరీలు. 2019 నాటికి గ్యాలరీ చూసినవాళ్లు 30 లక్షలు దాటారు. వచ్చినవాళ్లలో కొందరు వెనక్కి పోలేదు. లండన్‌లో ఒక పడకగది ఫ్లాటు అమ్మితే ఇక్కడ సముద్రం కనిపించే ఇల్లొచ్చేది. వాళ్లకు ఊరివాళ్లు పెట్టిన పేరు 'డి.ఎఫ్.ఎల్.' అంటే లండన్ నుంచి దిగినవాళ్లు. అందులో కొంత వెటకారం, కొంత ఉక్రోషం.

ఉక్రోషానికి కారణం అద్దె. ఇళ్ల ధరలు చకచకా పెరిగాయి. సొంత ఇల్లున్నవాడికి పండగ. అద్దెకున్నవాడికి యజమాని నుంచి నోటీసు. వారాంతపు పర్యాటకుడికి రోజు లెక్కన ఇస్తే వచ్చే డబ్బు, కుటుంబానికి నెల లెక్కన ఇస్తే రాదు. మొదట్లో చవక అద్దె చూసి వచ్చి ఊరికి కళ తెచ్చిన చిత్రకారులే ఆ కళ వల్ల పెరిగిన అద్దె కట్టలేక స్టూడియోలు ఖాళీచేయాల్సి రావడం ఇందులో విచిత్రం. గ్యాలరీకి కూతవేటు దూరంలో ఉన్న మార్గేట్ సెంట్రల్, క్లిఫ్టన్‌విల్ వెస్ట్ వార్డులు ఇన్నేళ్ల తర్వాత కూడా కెంట్ మొత్తంలో అత్యంత పేద వార్డుల జాబితాలోనే ఉన్నాయి. ఎదురెదురు వీధుల్లో ఒకవైపు ఖరీదైన రొట్టెల బేకరీ, ఇంకోవైపు ఉచిత ఆహారం పంచే కేంద్రం ఉన్న ఊళ్లు బ్రిటన్‌లో చాలానే ఉన్నాయి. మార్గేట్ అందులో ఒకటి.

దీనికి గ్యాలరీని తిట్టి లాభం లేదు. అద్దెలు అదుపుచేసే అధికారం గ్యాలరీ డైరెక్టర్‌కు లేదు. 2002 నుంచి 2021 దాకా ఈ ప్రాజెక్టును నడిపిన విక్టోరియా పొమెరీ చేతిలో ఉన్నది తలుపులు తెరిచి ఉంచడం, టికెట్ పెట్టకపోవడం, స్కూలు పిల్లలను రప్పించడం. ఆ పని ఆవిడ చేసింది. ఇళ్ల సంగతి చూడాల్సినవాళ్లు వేరే ఉన్నారు. 2021లో ప్రభుత్వం మార్గేట్ అభివృద్ధికి రెండు కోట్ల పౌండ్లకు పైగా మంజూరు చేసింది. అప్పటికి గ్యాలరీకి పదేళ్లు నిండాయి, ధరలు ఎక్కాల్సినంత ఎక్కేశాయి.

> సెయింట్ ఐవ్స్ వేసిన ఓటు
> నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని సెయింట్ ఐవ్స్‌లో 1993లోనే టేట్ గ్యాలరీ వచ్చింది. పాత గ్యాస్ ఫ్యాక్టరీ స్థలంలో, అలల ఒడ్డునే కట్టారు. ఊరు ధనవంతుల సెలవుల ఇళ్లతో నిండిపోయింది. శీతాకాలంలో కొన్ని వీధుల్లో దీపం వెలిగేది కాదు. 2016లో ఊరంతా ఓటేసింది: ఇకమీదట కట్టే కొత్త ఇల్లు ఏడాది పొడవునా అందులో ఉండేవాళ్లకే. అనుకూలంగా 83 శాతం. కోర్టులో సవాలు చేసినా నిలబడింది. కాకపోతే డబ్బున్నవాళ్లు పాత ఇళ్లమీద పడ్డారు.

లెక్క తేలిందా?

స్పెయిన్‌లోని బిల్బావోలో 1997లో గుగెన్‌హైమ్ మ్యూజియం కట్టాక ప్రపంచమంతా ఒక భ్రమ పట్టుకుంది. పేరున్న ఆర్కిటెక్ట్‌ను పిలిచి వింత భవనం కడితే చాలు, ఊరు దానంతటదే బాగుపడుతుందని. బిల్బావో మెట్రో వేసుకుంది, నది శుభ్రం చేసుకుంది, రేవు మార్చుకుంది. ఆ సంగతి ఎవరూ చెప్పరు.

మార్గేట్ విషయంలో నా తీర్పు ఇది. గ్యాలరీ తన వంతు నెగ్గింది, ఊరి పాలకులు తమ వంతు ఓడారు. జనం వస్తారా అన్న భయంతో కట్టారుగానీ, వస్తే ఏం చేయాలో ముందే అనుకోలేదు. గ్యాలరీకి పునాది తీసిన రోజునే పక్క వీధుల్లో పది ఇళ్లు, పది స్టూడియోలు కౌన్సిల్ కొని పెట్టుకుని ఉంటే, అప్పటి ధరకు అవి ఏమంత భారం కావు. సముద్రపు ఒడ్డున ఏదైనా పెద్దది కడదామని ఫైలు కదిపేవాళ్లు ఎక్కడివాళ్లయినా సరే, ముందు మార్గేట్ వెళ్లి గ్యాలరీతోపాటు వెనక వీధుల్లో అద్దెకుండేవాళ్లను కూడా పలకరించి రావాలి.

లండన్‌లో మీవాళ్లుంటే ఒక శనివారం పంపించండి. పొద్దున సెయింట్ పాంక్రాస్‌లో రైలెక్కితే పదకొండుకల్లా ఒడ్డున ఉండొచ్చు. సముద్రం ఎప్పుడు తగ్గుతుందో ముందే చూసుకోమనండి, లేకపోతే ఇనుప మనిషి కనపడడు. గ్యాలరీ చూశాక అక్కడికి దగ్గర్లోనే నేలకింద లక్షలాది ఆల్చిప్పలు, గవ్వలు పొదిగిన గుహ ఉంది. 1835లో బయటపడింది. ఎవరు చేశారో, ఎందుకు చేశారో ఇప్పటికీ తేలలేదు. దానికి టికెట్ ఉంది. గ్యాలరీకి లేదు, సోమవారం సెలవు.